కంప కాల్చిన చోటు

పెద్ద యంత్రం రాకముందు, సెప్టెంబరు చివరి వారంలో, ల్యూక్ థర్కెటిల్‌ను వెంటబెట్టుకుని అడవంతా తిప్పి చూపించింది నేనే. ఈ మాట మొదటే చెప్పేస్తున్నాను. చివరికొచ్చేసరికి తప్పు ఇంకెవరి మీదికైనా నెట్టాలనిపిస్తుందేమోనని భయం.

మా అడవి ఆరెకరాలు. పేరు స్టాకెట్. చుట్టూ మట్టికట్ట, కట్టకవతల కందకం. పశువులు లోపలికి రాకుండా ఏడొందల ఏళ్ళ కిందట మఠంవాళ్ళు తవ్వించారనీ, అప్పటికే ఆ అడవి ముసలిదనీ చర్చి పుస్తకంలో ఉంది. మా నాన్న జేబెజ్ గారడ్ నలభై ఏళ్ళు ఇందులో హేజెల్ కర్రలు కొట్టి గొర్రెలదొడ్లకు తడికలల్లాడు. దొరలు భూములు ముక్కలు చేసి అమ్ముకున్నప్పుడు ఎవరికీ పట్టని ఈ ముక్కను కొనుక్కున్నాడు. ఆయన తర్వాత మా అన్నయ్య క్లెమ్ అల్లాడు. క్లెమ్‌కు ఇప్పుడు ఎనభై మూడు. ఊపిరితిత్తులు చెడి, రెండేళ్ళుగా పక్క ఊళ్ళో ముసలివాళ్ళ ఆశ్రమంలో ఉంటున్నాడు. మా ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. కాబట్టి అడవికి దిక్కు నేనే. నాకు ఎనభై నిండాయి.

నాలుగేళ్ళ కిందట అడవిలో యాష్ చెట్లకు తెగులు తగిలింది. కొసల నుంచి ఎండుకుంటూ కిందికి దిగుతుంది. గాలి లేని రోజున కూడా మనిషంత కొమ్మ ఉన్నట్టుండి విరిగి పడుతుంది. అడవి మధ్యలోంచి ఊళ్ళోవాళ్ళు నడిచే కాలిబాట ఉంది. ఎవరి నెత్తినైనా పడితే పూచీ మీదేనని ఊరి కౌన్సిల్ నుంచి ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరం వచ్చినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. గాలి వీచినప్పుడల్లా లేచి కోటు వేసుకుని, బాట మీద ఎవరైనా పడి ఉన్నారేమో చూసొచ్చేదాన్ని. అలా ఒక చలికాలం గడిచాక ల్యూక్‌ను పిలిచాను.

ల్యూక్‌కు నలభై దాటాయి. చెట్లు కొట్టడం అతని పని. వాళ్ళ తాత మా నాన్న దగ్గర తడికలు కొనేవాడు. చేతిలో ఎర్రరంగు డబ్బాతో చెట్టు చెట్టుకూ ఆగుతూ నడిచాడు.

"నూట నలభై మూడు, పెద్దమ్మా. చుక్క పెట్టినవన్నీ పోవాల్సిందే."

"ఆ మూలది బాగానే ఉందిగా?"

"పైకి చూడు. నెత్తి బోడయింది. మా మామ నెత్తిలాగా. ఆయనా బాగానే ఉన్నానంటాడు."

"నవ్వులాటగా ఉందా నీకు?"

"నవ్వకపోతే ఈ పని చెయ్యలేం పెద్దమ్మా. పోయిన ఏడు నాలుగు వేల చెట్లు కొట్టాను. ఒక్కటీ నేను నాటింది కాదు."

నడుస్తూ నడుస్తూ వాగు దగ్గరికొచ్చాం. అక్కడ పెద్ద లిండెన్ మోడు ఉంది. నరికినప్పుడల్లా మొదలు నుంచి మళ్ళీ పిలకలేస్తూ, బయటికి బయటికి జరుగుతూ, ఇప్పుడది ఒక చెట్టు కాదు. పదిహేడు మానులు వలయంగా నిలబడి ఉంటాయి. నడుమ ఒక గది పట్టేంత ఖాళీ. ల్యూక్ ఆ పక్కనున్న వెడల్పాటి దారిని అడుగులతో కొలిచాడు.

"కొట్టిన దుంగలు పేర్చుకోవాలంటే చదునైన చోటు కావాలి. లారీ వచ్చి తిరగాలి కూడా. ఇక్కడైతే..."

"ఇక్కడ వద్దు."

"చెట్టుని ముట్టుకోనులే. పక్కనే..."

"వద్దన్నానా! ఈ మోడుకి ఇరవై అడుగుల్లోకి నీ యంత్రం చక్రం రాకూడదు. తాడు కట్టు. నా కళ్ళ ముందు కట్టు."

"సరే సరే. కొట్టేట్టున్నావు," అని రెండడుగులు వెనక్కి వేశాడు. నా ముఖం చూసి మళ్ళీ నవ్వలేదు.

ఎందుకో అతనికి చెప్పలేదు. అరవై ఏళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. ఆ మోడు నడుమ నా బిడ్డ ఉంది.

పంతొమ్మిది వందల అరవై మూడు జనవరి అది. ఆ చలికాలం సంగతి మా ఈడువాళ్ళందరికీ తెలుసు. క్రిస్మస్ మర్నాడు మొదలైన మంచు మార్చి దాకా కరగలేదు. కంచెలు మునిగిపోయి, గొర్రెలు వాటి మీద నడిచి పక్క పొలాల్లోకి పోయాయి. నాకు పంతొమ్మిదేళ్ళు. బిడ్డ తండ్రి డెన్నిస్ అని, రైలు పట్టాల పనికి వచ్చినవాడు. కోతలు అయిపోయిన వారానికి పని అయిపోయిందని బస్సెక్కాడు. మా వైపు ఒక మాట ఉంది. వెళ్ళేవాళ్ళను కనుమరుగయ్యేదాకా చూడకూడదు. చూస్తే ఇక తిరిగి రారు. వాకిట్లోంచి చెయ్యి ఊపి, మనిషి మలుపు తిరగకముందే లోపలికి వచ్చెయ్యాలి. ఆ రోజు నేను బస్సు మలుపు తిరిగి, దాని పొగ కూడా పోయేదాకా నిలబడి చూశాను. అతను తిరిగి రాలేదు. అందుకేనని చాలా ఏళ్ళు నమ్మాను.

నెలలు నిండకముందే నొప్పులొచ్చాయి. దారులు మూసుకుపోయి మంత్రసాని రాలేకపోయింది. అమ్మే చేసింది. బిడ్డ ఏడవలేదు. ఆడపిల్ల అని అమ్మ అంది. చూడొద్దని కూడా అంది. దుప్పటి చాటు నుంచి ఒక్క పాదం చూశాను, అంతే. బాప్తిస్మం లేని బిడ్డకు, అందులోనూ పెళ్ళికాని పిల్ల కన్న బిడ్డకు, చర్చి దొడ్లో చోటు అడగడానికి నాన్నకు నోరు రాలేదు. అడవికి రొట్టె, చల్లారిన టీ పట్టుకెళ్ళే రెల్లుబుట్టలో బిడ్డను పెట్టి, పైన తన కోటు కప్పి బయల్దేరాడు. క్లెమ్ గునపం, పార పట్టుకుని వెంట వెళ్ళాడు. నా మంచం కిటికీ పక్కనే ఉంది. అక్కడి నుంచి అడవి గట్టు, గట్టు దాటాక బాట రెండుగా చీలే చోటు కనిపిస్తాయి. ఎడమకి పోతే వాగు, లిండెన్ మోడు. కుడికి పోతే ఆ ఏడాది కర్ర కొడుతున్న ముక్క.

నాన్న ఇంకా గట్టు ఎక్కుతుండగానే అమ్మ వచ్చి నా తల గోడ వైపు తిప్పింది.

"చూడకే. అలా చూడకూడదు," అంది.

నేను చూడలేదు. డెన్నిస్ విషయంలో చేసిన తప్పు మళ్ళీ చెయ్యదలచుకోలేదు. ఏం తిరిగొస్తుందని ఆశపడ్డానో ఇప్పుడు చెప్పలేను.

వాళ్ళు చీకటిపడ్డాక వచ్చారు. నాన్న మంచం దగ్గర నిలబడి, "వాగు పక్కన పెద్ద లిండెన్ ఉంది చూడు, దాని నడుమ. బాగా లోతుగా పెట్టాం. వెచ్చగా ఉంటుంది," అన్నాడు. ఒళ్ళంతా పొగ కంపు. అడవిలో పనిచేసే రోజుల్లో నాన్న ఎప్పుడూ పొగ కంపే కొట్టేవాడు కాబట్టి నాకేమీ తోచలేదు. ఆ మాటే ఆఖరు. తర్వాత ఇరవై ఒక్క ఏళ్ళు బతికాడు, మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ప్రతి ఏప్రిల్‌లో కట్ట మీద పూసే ప్రిమ్‌రోజ్ మొక్క ఒకటి వేళ్ళతో తవ్వి తెచ్చి, లిండెన్ మోడు నడుమ నాటుతూ వచ్చాను. అరవై మొక్కలు నాటాను. నీడకు సగం చచ్చిపోయాయి. మిగిలినవి పూస్తాయి.

అందుకే ల్యూక్ అక్కడ దుంగలు పేరుస్తానంటే అంత గట్టిగా వద్దన్నాను. వేరే చోటు నేనే చూపించకపోతే, నేను లేనప్పుడు ఇక్కడికే వస్తాడేమోనని భయం వేసింది. ఆలోచించాను. మా నాన్న కూతుర్ని కదా, చోటు వెంటనే తట్టింది.

"నాతో రా. చచ్చిన నేల చూపిస్తాను," అన్నాను.

అడవి పని చేసేవాళ్ళకు ఒక పద్ధతి ఉంది. హేజెల్ కొట్టాక సన్నకొమ్మలు, ముళ్ళు, పనికిరాని కంప మిగులుతుంది. దాన్ని కాల్చాలి. మంట పెట్టిన చోట నేల ఎర్రగా మాడి, లోపలి విత్తనం, వేరు అన్నీ చస్తాయి. బ్లూబెల్ అనే నీలిపూల దుంపలైతే మళ్ళీ రావడానికి వందేళ్ళు పడుతుంది. అందుకని ఎక్కడపడితే అక్కడ కాల్చరు. "అడవిలో చచ్చే నేల ఒక్కటే ఉండాలి" అనేవాడు నాన్న. కంపంతా ఒక్క చోటికే ఈడ్చుకొచ్చి కాల్చేవాడు. బరువైన పనేదైనా, బండి నిలపాలన్నా, దుంగలు పేర్చాలన్నా, ఆ చచ్చిన నేల మీదే చెయ్యాలి. బతికున్న నేల తొక్కకూడదు. మా వైపు ఏ అడవి పనివాణ్ణి అడిగినా ఇదే చెబుతాడు.

కుడి బాటలో, కట్టకు నూరు అడుగుల లోపల, నాన్న పాత మంటచోటు ఉంది. చుట్టూ ఏప్రిల్‌లో నేల కనిపించకుండా బ్లూబెల్స్ పూస్తాయి. అక్కడ మాత్రం బండి చుట్టు తిరిగేంత మేర గుండ్రంగా నాచు, దురదగొండి తప్ప ఏమీ ఉండవు. నాన్న ఆ పెద్ద చలికాలం తర్వాత అక్కడ కాల్చడం మానేసి, మంటచోటు అవతలి కట్ట దగ్గరికి మార్చుకున్నాడు. ఎందుకు మార్చావని నేనెప్పుడూ అడగలేదు. అయినా మొక్క రాలేదు.

ల్యూక్ బూటు మడమతో నేల గీరి చూశాడు. నాచు కింద నల్లటి బొగ్గు.

"దీన్ని మించింది లేదు పెద్దమ్మా. గేటుకీ దగ్గరే. మా కుర్రాళ్ళలో ఒక్కడికీ ఈ తెలివి లేదు."

"మా నాన్న నేర్పింది," అన్నాను. ఆ పూట నాకు గర్వంగా అనిపించింది. అదీ చెప్పాలి కదా.

*

యంత్రం అక్టోబరు పదకొండున వచ్చింది. గోళ్ళున్న ఇనుప చెయ్యి దానికి. మాను నడుము పట్టుకుని కోసి, ఒక్క గుక్కలో కొమ్మలన్నీ దూసి పడేస్తుంది. నాన్నా క్లెమూ రెండు రోజులు చేసే పని, నేను టీ చల్లార్చుకునేలోపు అయిపోయేది. రోజూ రెండుసార్లు వెళ్ళి లిండెన్ చుట్టూ తాడు సరిగ్గా ఉందో లేదో చూసేదాన్ని. ఒకసారి తాడు కొంచెం జారితే యంత్రం ఆపించి మళ్ళీ కట్టించాను. కుర్రాళ్ళు నా వెనక ఏదో అనుకుని నవ్వుకున్నారు. అనుకోనీ అనుకున్నాను. తాడు బిగువుగా ఉంటే చాలు, ఇంటికొచ్చి రొట్టె ముక్క తినగలిగేదాన్ని. కుడి వైపుకు వెళ్ళి చూడవలసిన అవసరం నాకేముంది?

ఆదివారం క్లెమ్ దగ్గరికి వెళ్ళాను. కిటికీ పక్క కుర్చీలో, ముక్కుకు గాలి గొట్టంతో కూర్చున్నాడు.

"ఏమే ఏవీ, బతికే ఉన్నావా?"

"నీకంటే ఒకరోజు ముందు పోతానా? నీ గుడ్డలు ఎవరు ఉతుకుతారు?"

"ఇవాళ మళ్ళీ ఆ పసుపు గంజి పోశారు. కస్టర్డ్ అంట. తడికలకి పూస్తే పదేళ్ళు పుచ్చదు." దగ్గు ఆగాక అడిగాడు. "ఎన్ని పడ్డాయి?"

"దాదాపు అన్నీ. పనిమంతుడే ల్యూక్. తాతలాగే."

"వాళ్ళ తాత తడికలు లెక్కపెట్టేటప్పుడు ఒకటి ఎక్కువేసుకునేవాడు. లిండెన్ జోలికి రాలేదుగా?"

"తాడు కట్టించాను."

"మరి దుంగలెక్కడ పేరుస్తున్నాడు?"

"నాన్న పాత మంటచోటు మీద. నేనే చూపించాను."

నేను సంచిలోంచి ఉతికిన చొక్కాలు తీసి అరలో పెడుతున్నాను. తిరిగి చూస్తే గాలి గొట్టం గుప్పిట్లో పట్టుకుని ఉన్నాడు, ముక్కుకు లేదు.

"ఎవరు చెప్పారు నీకు అక్కడ పెట్టమని?"

"ఎవరు చెప్పాలి? చచ్చిన నేలేగా. నాన్న చెప్పిందేగా."

"ఆపించు."

"ఏంటి ఆపించేది?"

"పని ఆపించవే. ల్యూక్‌ని ఇటు రమ్మను. నన్ను తీసుకెళ్ళమను."

"ఈ చలిలో నిన్ను అడవికా? వాళ్ళు పంపుతారా? నీకు మతిపోయింది," అన్నాను. నిజంగానే మతి తప్పుతోందేమో అనిపించింది. అలా మొదలై ఎంతమంది మాట పడిపోయి పోలేదు! ఆయా వచ్చి గొట్టం సరిచేసింది. క్లెమ్ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. వెళ్ళొస్తానని నేను చెప్పలేదు. మేము అలా చెప్పుకోం. పొయ్యి మీద నీళ్ళు పెట్టొచ్చానని ఒక అబద్ధం ఆడి లేచి వస్తాను, ఎప్పుడూ అంతే.

*

నేను పదిహేనేళ్ళకు బడి మానేసినదాన్ని. ఆ తర్వాత చదివిందంతా పక్షానికోసారి వచ్చే బస్సు లైబ్రరీ పుణ్యం. ఆ మంగళవారం బస్సులో మా చర్చి పాత పత్రికలన్నీ కలిపి కుట్టిన పుస్తకం కనిపిస్తే తెచ్చుకున్నాను. క్లెమ్ గురించి మనసు మళ్ళించుకోవాలి కదా. వంటింట్లో కూర్చుని తిరగేస్తుంటే అరవై మూడు మార్చి సంచిక వచ్చింది. చిన్న వార్త. జనవరి తొమ్మిదిన కన్నుమూసిన మిసెస్ రంబెలో శవపేటికను నేల గడ్డకట్టిన కారణంగా ఎనిమిది వారాలు గంటగోపురం కింద ఉంచవలసి వచ్చిందనీ, గునపం దెబ్బకు నిప్పురవ్వలు తప్ప మట్టి లేవలేదనీ, ఎట్టకేలకు మార్చి ఏడున పూడ్చారనీ రాశారు.

ఇది నాకు కొత్త సంగతి కాదు. మిసెస్ రంబెలో మా పక్కింటావిడే. ఆమె పేటిక గోపురం కింద ఉండగా అటు వెళ్ళడానికి పిల్లలు భయపడేవాళ్ళు. నా బిడ్డ పుట్టింది జనవరి పద్నాలుగున. అదీ నాకు తెలుసు. రెండూ అరవై ఏళ్ళుగా తెలుసు. ఒక్కనాడైనా రెంటినీ పక్కపక్కన పెట్టి చూడలేదు.

చర్చి దొడ్లో దిగని గునపం లిండెన్ వేళ్ళలో ఎలా దిగింది?

అప్పుడు నాన్న ఒంటి మీది పొగ కంపు నా ముక్కుకు తగిలింది. ఆ వంటింట్లోనే, అప్పుడే వచ్చి నిలబడ్డట్టు. వెచ్చగా ఉంటుంది అన్నాడు. మంటచోటు మార్చుకున్నాడు. లేచి వెళ్ళి ల్యూక్‌కు ఫోన్ చేశాను.

"పని ఆపు ల్యూక్."

"పని నిన్ననే అయిపోయింది పెద్దమ్మా. యంత్రం వెళ్ళిపోయింది కూడా. గురువారం లారీలొచ్చి దుంగలు పట్టుకుపోవడమే. ఏమైంది?"

"రేపు పొద్దున నీ బండి తీసుకురా. క్లెమ్‌ని అడవికి తీసుకెళ్ళాలి."

*

ఆశ్రమంవాళ్ళు ఒక గంటకు ఒప్పుకున్నారు. క్లెమ్‌కు రెండు కోట్లు తొడిగి, గాలి సీసాతో సహా ల్యూక్ ఎత్తి బండిలో కూర్చోబెట్టాడు. "తడికంత బరువు కూడా లేవు పెద్దయ్యా," అంటే క్లెమ్ తిట్టలేదు. గేటు దగ్గర ఎప్పుడూ మోకాలి లోతు గతుకులుంటాయి. ఈసారి బండి సాఫీగా లోపలికి పోయింది.

దుంగల వాము ఇంటి కప్పంత ఎత్తు ఉంది. కోసిన మొఖాలన్నీ తెల్లగా మా వైపు తిరిగి ఉన్నాయి. కింద నాచు లేదు, దురదగొండి లేదు. గులకరాయి పరిచి ఉంది. ల్యూక్ వాము చివరికి వెళ్ళి తాళ్ళు చూసుకుంటున్నాడు. బండి తలుపు తీసి క్లెమ్ పక్కన నిలబడ్డాను.

"చెప్పన్నయ్యా. ఇక్కడేగా?"

అన్నయ్యా అని పిలిచి ఎన్నేళ్ళయిందో. క్లెమ్ వాము వైపు చూస్తూనే ఉన్నాడు.

"నీకెలా తెలిసింది?"

"నేల గడ్డకట్టింది కదా."

"ముందు లిండెన్ దగ్గరికే పోయాం ఏవీ. ఒట్టు. నాన్న మనసు అక్కడే పెట్టాలని. గునపం వంగిపోయింది. వాగు కూడా అడుగుదాకా బిగుసుకుంది. నాన్న ఆ బుట్ట మంచు మీద పెట్టలేక చంకలోనే పట్టుకుని నిలబడ్డాడు. చివరికి ఇటు వచ్చాం. ఆ వారం కొట్టిన కంపంతా ఉంది. పొద్దుటి నుంచి మూడింటిదాకా కాల్చాం. మంట పక్కకి లాగి, కింద మెత్తబడ్డ కాడికి తవ్వాం."

"ఎంత లోతు?"

అతను తన మోకాలి మీద చెయ్యి పెట్టాడు. "ఇంతే దిగింది. కింద మళ్ళీ రాయే."

"నాకెందుకు చెప్పలేదు?"

"కంప తగలేసే చోట పెట్టామని నీకెలా చెప్తాం? బాలింతరాలివి. నాన్న నా చేత ఒట్టేయించుకున్నాడు. ఆయన పోయాక చెబ్దామనుకున్నాను. నువ్వప్పటికి ఇరవై మొక్కలు నాటావు. పూస్తున్నాయి కూడా. ఏమని చెప్పను?" దగ్గు వచ్చి ఆగాడు. "ప్రార్థన చదవమన్నాడు నన్ను. ఆయనకి గొంతు రాలేదు. నాకు వచ్చిందల్లా అన్నం ముందు చెప్పేదొక్కటే. మేము పొందబోవు వాటి కొరకు ప్రభువు మమ్మును కృతజ్ఞులుగా చేయునుగాక. అదే చదివాను. నాన్న ఆమెన్ అన్నాడు."

నేను నవ్వానో ఏడ్చానో తెలియదు. ఏదో శబ్దం వచ్చింది, ల్యూక్ వెనక్కి తిరిగి చూశాడు.

"దాని మొహం చూశావా నువ్వు?"

"చూశాను."

"ఎలా ఉంది?"

"నల్లటి జుట్టే. చాలా ఉంది. అమ్మ పోలిక. కోపంగా ఉన్నట్టుంది మొహం, నువ్వు తాడు కట్టించేటప్పుడు ఉండుంటుందే, అలా."

ఆ నిమిషంలో కూడా నాకు ఒక ఆశ మిగిలి ఉంది. పైన ఎంత బరువున్నా కింద బిడ్డ ఉంది కదా, దుంగలు పోయాక రాళ్ళు ఏరేస్తే చాలు కదా అని. ఇంత కాలం తప్పు చోట మొక్కలు నాటాను, ఇక మిగిలిన నాలుగు ఏప్రిల్‌లు సరైన చోట నాటుకుంటాను. ల్యూక్‌ను పిలిచాను.

"ల్యూక్, ఈ రాళ్ళ కింద నేల ఎలా ఉంది?"

"గట్టిగా చేశాం పెద్దమ్మా, ఏం భయం లేదు. పైన మసిమట్టి అంతా జారుడు జారుడుగా ఉంటే యంత్రంతో గీకేశాం. గట్టినేల తగిలేదాకా తీశాం."

"ఎంత తీశారు?"

అతను వంగి, తన చేతిని తొడ సగం దాకా పెట్టి చూపించాడు. క్లెమ్ కళ్ళు మూసుకున్నాడు.

"ఆ మట్టి?" అన్నాను. "ఆ మట్టి ఎక్కడ పోశారు?"

"పారెయ్యలేదులే. మంచి మట్టి, బొగ్గు కలిసింది, నీళ్ళు ఇంకుతుంది. గేటు దగ్గర గతుకులున్నాయి కదా, లారీలు కూరుకుపోతాయని అందులో పోసి, యంత్రంతో నాలుగుసార్లు తొక్కించాం. ఇందాక చూశావుగా, ఎంత సాఫీగా వచ్చామో."

ల్యూక్ మంచివాడు. నేను చెబితే ఆ గేటు ముందు మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో ఆ మట్టంతా జల్లెడ పట్టేవాడు. ఏమీ దొరికేది కాదు. అరవై ఏళ్ళు, అంత చిన్న ఎముకలు. ఆ సంగతి జన్మంతా మోసేవాడు, వాళ్ళావిడకు చెప్పలేక, మా నాన్నలాగా, క్లెమ్‌లాగా. నోటిదాకా వచ్చింది. క్లెమ్ నా వైపు చూశాడు. మింగేశాను.

"టైమైంది పెద్దమ్మా. పెద్దయ్యని గంటలోపు దింపాలి," అన్నాడు ల్యూక్.

బండి బయటికి పోవడానికి ఆ ఒక్క గేటే ఉంది. చుట్టూ కట్ట, కందకం. కట్ట ఎక్కి నడిచి వస్తానందామంటే క్లెమ్ ఒక్కడే దాని మీదుగా పోవాలి. ఎక్కి కూర్చున్నాను. క్లెమ్ చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. పుల్లల్లా ఉన్నాయి వేళ్ళు. బండి కదిలింది.

"కొంచెం మెల్లగా పోనియ్యి ల్యూక్."

"గతుకులేం లేవు పెద్దమ్మా. బాగా పూడ్చాం."

"తెలుసు. అయినా మెల్లగా పోనియ్యి."

అతను అద్దంలో నన్నొకసారి చూసి, మనిషి నడకంత మెల్లగా తీసుకెళ్ళాడు. నిజంగానే ఏమీ తెలియలేదు. ముందు చక్రాలు, తర్వాత వెనక చక్రాలు, మెత్తగా దాటిపోయాయి. బండి రోడ్డెక్కాక నేను వెనక్కి తిరిగి అద్దంలోంచి గేటును చూశాను. నల్లటి మట్టి, దాని మీద రెండు చక్రాల గీతలు.

"ఏవీ," అన్నాడు క్లెమ్. "అలా చూడకూడదే."

"తెలుసు," అన్నాను.

మలుపులో కంచె అడ్డం వచ్చేదాకా చూశాను.